లాభం, రెండు, మూడు

దామలచెరువు మండీలో
కాయలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు.
లాభం అంటారు.
లాభం, రెండు, మూడు, నాలుగు...
చేతికి రెండు కాయలు, నోటికొక మాట.
ఢిల్లీబాబు పదమూడేండ్లకే ఆ లెక్కలో కూలికి చేరినాడు.
పేరులో ఢిల్లీ ఉండాదే గానీ
పాకాల జంక్షన్ దాటి రైలెక్కినోడు కాదు.

రాగం వాడికి రాదు.
మాట మీద మాట పేర్చడం వచ్చు,
క్రేటు మీద క్రేటు పెట్టినట్టు
కింద కాయ నలగకుండా.
గడ్డం మీద సొన కాల్చిన మచ్చ,
అది కూడా అప్పటిదే.

తిరుపతి గంగమ్మ జాతరలో
ఒళ్లంతా బొగ్గు పూసుకోని, వేపమండలు కట్టుకోని
ఎవురినైనా తిట్టొచ్చు ఆ వారం.
అందరూ బూతులు తిడతాంటే
వీడు తూకం తిట్టినాడు:
కిలోకు నూరు గ్రాములు మింగిన కాటా పేరు,
తోతాపురికి నాలుగు రూపాయలు కట్టిన ఫ్యాక్టరీ గేటు పేరు,
ఊపిరి తీసుకోకుండా, ప్రాస తప్పకుండా.
పంబ కొట్టే ముసలాయన కొట్టడం ఆపి విన్నాడు.
మళ్లా వాడి నోటి వెంటనే కొట్టినాడు.
నేను అక్కడే ఉండా, సెల్లు చేతిలో పట్టుకోని.

నాది కొర్లగుంటలో సెల్ రిపేరు కొట్టు.
రాత్రి పదకొండుకి షట్టరు దించి
గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి
మా అత్త కుట్టిన బొంత వాడి నెత్తిన కప్పి
రికార్డు చేసేవాళ్లం. చెమటకి మైకు జారేది.
కొండకు పొయ్యే బస్సు హారన్ కొడితే
మళ్లీ మొదట్నుంచి.
ఒక హారన్ మాత్రం ఉంచేసినాం.
తాళానికి సరిగ్గా వచ్చి పడింది, పిలిచినట్టు.

సెలూన్ ఓపెనింగులో చెప్పినాడు, రెండు బిర్యానీ పొట్లాలు.
ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగో నిమిషానికి మైకు కోసేసినారు.
పెండ్లి రిసెప్షన్లో సినిమా పాట అడిగినారు,
రాదంటే ప్లేట్లు మోయమన్నారు, మోసినాడు.
మండీ కాటా మీద నిలబడి తీసిన వీడియో
మూడు నెలలు ఎవురూ చూడలా.
నాలుగో నెల
అందరూ చూసినారు.

హైదరాబాదు నుంచి సారొచ్చినాడు.
బస్టాండు ముందర హోటల్లో
కాఫీ పక్కన ముప్పై ఒక్క పేజీలు పెట్టినాడు, ఇంగ్లీషులో.
"పేరు డీబీ అందాం.
ఈ 'ఉండాది' తీసి 'ఉంది' పెడదాం, అందరికీ అర్థమవ్వాలి కదా.
ఆ మచ్చ మాత్రం ఉండనీ, రియల్‌గా ఉంది."

నోటరీ చెంగల్రాయులు సాయంత్రం దాకా చదివి
మున్నూరు తీసుకోని చెప్పినాడు:
"మామిడి తోపు గుత్తకిచ్చే కాగితాలు వెయ్యి రాసినా నాయనా,
గొంతు గుత్తకిచ్చేది ఇదే చూడటం.
ఐదు కాపులు వాళ్లవి. చెట్టు నీదే అంటాండారు."

వాళ్లమ్మ పల్ప్ ఫ్యాక్టరీలో తొక్క తీసి తీసి
వేళ్ల కొనలు ముడతలు పడి, బ్యాంకు మిషన్ గుర్తుపట్టడం మానేసింది.
ఆ మాట వాడు ఎప్పుడూ పాటలో పెట్టలా.

మర్నాడు అదే హోటలు.
"పేరు ఏమన్నా పెట్టుకో సార్.
'ఉండాది'లో 'డా' తీస్తే మాత్రం పడిపోతాది,
బీటు కూర్చునే పీట అదే."
సార్ ఫోన్లో ఎవురితోనో మాట్లాడి
ఆ లైను కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టినాడు.
బాబు పేజీ తిప్పి తెలుగులో సంతకం చేసినాడు,
పెదాలు కదిలినాయి, "లాభం."
"ఏమన్నావ్?"
"లెక్క సార్."
రెండు, మూడు, నాలుగు,
ముప్పై ఒకటి దాకా నేనూ లోపల లెక్కపెట్టుకున్నా.
ఏ పేజీలోనూ నా పేరు లేదు.
వాడు అడగలా. నేనూ అడగలా.
కాఫీకి నేనే ఇచ్చినా.

గుడ్ల అట్టలు ఇంకా పీకలేదు.
రాత్రి ఒకామె డిస్‌ప్లే మార్పించుకోను వచ్చి కూర్చోనుంటే
బయట కొండ బస్సు హారన్ కొట్టింది.
"మళ్లీ మొదట్నుంచి" అన్నా, గట్టిగానే.
ఆమె నా మొగం చూసి
"పగిలింది ఒక మూలే కదప్పా" అనింది.